జానెడు రాగి పట్టీ

రాజమహేంద్రవరంలో ధవళేశ్వరం వెళ్ళే రోడ్డు మీద ముప్పై ఏళ్ళు ఆర్మేచర్లు చుట్టాను. బండిని స్టార్టు చేసే సెల్ఫ్ మోటారుదైనా డైనమోదైనా కాలిపోయిన రాగితీగ విప్పేసి, గాడి గాడికీ కొత్త తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టడం నా పని. ఇప్పుడు ఈ పనిలోకి ఆడపిల్లలు కూడా వస్తున్నారని విన్నాను. ఇది మీకోసమే. మీకు మీటర్లున్నాయి, స్కానర్లున్నాయి. బండే తన జబ్బేంటో తెర మీద రాసి చూపిస్తుందట. సంతోషం. నేను చెప్పబోయేది అలాంటి తెరలేవీ లేని ఒక ముసలి కారు గురించి, దాని విషయంలో నేను చేసిన తప్పు గురించి, ఆ తప్పుని తన మీద వేసుకున్న మనిషి గురించి. ఎవరి పేరూ రాయడం లేదు. రాస్తే ఆయనకి కోపం వచ్చేది.

మాది ఒకే రేకుల షెడ్డు, అందులో రెండు షాపులు. ఎడమ వైపు మెకానిక్కు, కుడి వైపు ఎలక్ట్రికల్. ఎలక్ట్రికల్ షాపు మా ఆయనది. తీగ చుట్టడం మాత్రం పెళ్ళయిన ఏడాది నుంచీ ఇంట్లో కూర్చుని నేనే చుట్టేదాన్ని. మా ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. పెద్దకర్మ అయిన మర్నాడు పక్క షాపు మెకానిక్కు మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"చెల్లెమ్మా, ఓ వ్యాను సెల్ఫ్ కాలిపోయి కూర్చుందమ్మా. ఇక్కడికి తెమ్మంటావా, నువ్వే షాపుకొస్తావా?"

ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నేను చెప్పులేసుకుని ఆయన వెనకాలే వెళ్ళాను. మళ్ళీ ఇంట్లో కూర్చుని తీగ చుట్టింది లేదు.

ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. చేతిలో ఉన్న బండి స్టార్టయ్యేదాకా టీ ముట్టుకునేవారు కాదు. ఆయనకి తెచ్చిన టీ చల్లారిపోతే నేను తాగేసేదాన్ని. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి, "కరెంటు పని ఈవిడ చేస్తారా?" అని నసిగితే, తల కూడా ఎత్తకుండా, "ఆయ్, ఆవిడే చేస్తారండి. ఇష్టం లేపోతే బండి తోసుకెళ్ళచ్చు" అనేవారు.

బండి వచ్చిందంటే ఇద్దరికీ తగువే. అది ఆయన వైపు జబ్బా, నా వైపు జబ్బా అని. "పెట్రోలు అందట్లేదు, నీకేం పని?" అని ఆయన, "స్పార్కే లేదు, మీ పెట్రోలు ఏం చేసుకుంటుంది?" అని నేను. గెలిచినవాళ్ళు బానెట్ కింద దూరేవాళ్ళు, ఓడినవాళ్ళు టార్చి పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు తల్చుకుంటే నా జీవితంలో నేను మాట్లాడిన మాటల్లో సగం ఆ తగువులేనేమో అనిపిస్తుంది.

పాత కార్లంటే ఆయనకి ప్రాణం. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో చేపల చెరువులున్న ఆసామి దగ్గర నల్లటి ఇంగ్లీషు కారొకటి ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. మేం ఆయన్ని బాబుగారు అనేవాళ్ళం. ఆ కారు వాళ్ళ నాన్నగారిది. వాళ్ళ అమ్మగారు కొత్త కోడలిగా మొగల్తూరు నుంచి అత్తారింటికి వచ్చింది అందులోనేనట. ఎనభై దాటిన ఆవిడకి ఒకే కోరిక: ఆ కారులోనే ఒక్కసారి మొగల్తూరు వెళ్ళి రావాలని. అందుకే బాబుగారు దాన్ని బాగు చేయించాలని మా షెడ్డుకి పంపారు. అప్పటికి నాకు యాభై నిండుతున్నాయి.

క్లచ్ జారిపోతోంది, ఇంజను దింపాలి అన్నారు అన్నయ్యగారు. దింపారు. ఇక్కడ ఒక్క సంగతి మీకు చెప్పాలి, దాని మీదే మిగతాదంతా నడిచింది. ఇంజను కారు బాడీ మీద నేరుగా కూర్చోదు, రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు కదా. అందుకని ఇంజనుకీ బాడీకీ మధ్య జడలాగా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. జానెడు ఉంటుంది. దాన్ని ఎర్త్ పట్టీ అంటాం. సెల్ఫ్ కొట్టినప్పుడు పారే కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరేది దాని గుండానే. ఇంజను దింపేటప్పుడు అన్నయ్యగారు ఆ పట్టీ విప్పి నా చేతికిచ్చారు.

"చివర్లు చిలుం పట్టేశాయి చెల్లెమ్మా. శుభ్రం చేసి కొత్త చివర్లు వెయ్యి."

చిలుం ఊడుతుందని దాన్ని ఒక పెయింటు డబ్బాలో కిరసనాయిలు పోసి నానబెట్టాను. బల్ల కింద పెట్టాను. మర్చిపోయాను. ఆ సాయంత్రం ఎవరొచ్చారో, నా బల్ల మీద ఏ పని ఉందో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. మర్చిపోవడానికి ఏదైనా పెద్ద కారణం ఉంటే బాగుండేది. లేదు.

ఇంజను ఎక్కించారు. సెల్ఫ్ కొడితే కాస్త నీరసంగా తిరిగినా స్టార్టయింది. బాబుగారు తీసుకెళ్ళారు.

పట్టీ లేకుండా ఎలా స్టార్టయిందని మీరు అడగాలి. కరెంటు తిరిగి వెళ్ళడానికి ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. ఇంజనుకీ బాడీకీ మధ్య లోహంతో చేసినది ఏది దొరికినా దాని గుండా పోతుంది. ఈ కారులో దొరికింది చోక్ కేబుల్. డాష్‌బోర్డు నుంచి కార్బ్యురేటర్ దాకా పోయే సన్నటి ఉక్కు తీగ.

రెండు వారాలకి కారు మళ్ళీ వచ్చింది. సెల్ఫ్ ఈడుస్తోందన్నారు. అది నా వైపు అని నేనే ఒప్పుకుని మోటారు విప్పి కార్బన్ బ్రష్‌లు మార్చాను. తర్వాత చోక్ బిగుసుకుపోయిందని వచ్చింది. అది ఆయన వైపు. కేబుల్ తీసి చూసి, "సైలెన్సరు వేడికి మాడింది" అని కొత్తది వేసి, కాస్త ఎడంగా కట్టారు. మూడోసారి రెండూ కలిసి వచ్చాయి. ఆర్మేచరే పోయి ఉంటుందని నేను మొత్తం విప్పి కొత్త తీగ చుట్టాను. ఆయన మరో కేబుల్ వేశారు. చోక్ లాగితే చెయ్యి చురుక్కుమంటోందని డ్రైవరు చెబితే ఇద్దరం నవ్వాం. ముప్పావు వంతు జవాబు అతనే చెప్పాడు, మేం వినలేదు. ఎవరి వైపు జబ్బుని వాళ్ళం బాగు చేసుకున్నాం. ఆ రెండు జబ్బులూ ఒకటేనేమో అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

బాబుగారు అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మొగల్తూరు బయల్దేరారు. దారిలో కాలవ గట్టు మీద కొబ్బరిబొండాల కోసం ఆపారు. మళ్ళీ సెల్ఫ్ కొడితే అందుకోలేదు. కొట్టారు, కొట్టారు. డాష్‌బోర్డు లోపల చోక్ కేబుల్ ఎర్రగా కాలి, దాని పక్కన వైర్లు అంటుకుని, పెద్దావిడ మొహం మీదికి పొగ వచ్చింది. ఆవిడ భయపడి తలుపు తీసుకుని దిగబోయి గట్టు మీద పడ్డారు. మణికట్టు విరిగింది. కాలవ నీళ్ళు పోసి మంట ఆర్పారు.

రెండో రోజు కారుని మినీ లారీ మీద ఎక్కించి తెచ్చారు. వెనకాలే బాబుగారు దిగారు. ఎప్పుడూ అన్నయ్యగారిని మీరు అనే మనిషి ఆ రోజు నువ్వు అన్నారు.

"మా అమ్మని చంపేసేవాడివయ్యా! మూడు కేబుళ్ళు మాడాయి. అందులో రెండు నువ్వు వేసినవే. ఏం పని చేస్తావ్ నువ్వు?"

అన్నయ్యగారు బానెట్ ఎత్తారు. మాడిన కేబుల్ని వేలితో తడిమారు. తర్వాత వంగి ఇంజను కిందికి టార్చి వేసి చూశారు. లేచి, నా వైపు చూడలేదు. బాబుగారి వైపే చూసి, "నాదే పొరపాటండి. కేబుల్ సరిగ్గా కట్టలేదు" అన్నారు.

"ఒక్క గంట టైమివ్వండి, సరిచేసేస్తాను" అని కూడా అన్నారు. బాబుగారు వినలేదు. "ఇంక దీని మీద చెయ్యి వెయ్యద్దు" అని, ఆ లారీ మీదే తిప్పి తీసుకెళ్ళిపోయారు. నేను నా బల్ల దగ్గర నిలబడి, పాపం అన్నయ్యగారు, ఇంత అనుభవం ఉండి ఒక్క కేబుల్ విషయంలో ఎలా పొరబడ్డారా అని జాలిపడ్డాను. ఆ జాలి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

పాత కార్లున్నవాళ్ళందరికీ ఒకరితో ఒకరికి మాటలుంటాయి. తణుకు నుంచి వచ్చే కారు రావడం మానేసింది. రామచంద్రపురంలో డాక్టరుగారి కారూ అంతే. షెడ్డు నిండా ఆటోలు, మినీ ట్రక్కులే. పనికి లోటు లేదు. కానీ అన్నయ్యగారు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వినడం మానేశారు. మా మధ్య తగువులు కూడా తగ్గిపోయాయి. "నీ వైపేలే చెల్లెమ్మా, చూసెయ్" అనేవారు. టీ వేడిగా ఉండగానే తాగేసేవారు.

ఐదు నెలలు గడిచాయి. వానాకాలంలో నా వైపు రేకు కారుతుంటే బల్ల జరిపాను. గోడ వారన పెయింటు డబ్బా. కిరసనాయిలు ఎప్పుడో ఆవిరైపోయింది. అడుగున ఎర్రటి మడ్డిలో రాగి పట్టీ.

చేతిలోకి తీసుకోగానే సెల్ఫ్ ఈడవడం, కేబుల్ మాడటం, డ్రైవరు చెయ్యి చురుక్కుమనడం, పెద్దావిడ మణికట్టు, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. పట్టీ తీసుకెళ్ళి అన్నయ్యగారి ముందు పెట్టాను.

ఆయన దాన్ని చూసి, "దొరికిందా?" అన్నారు.

"మీకు తెలుసా?"

"ఆ రోజు టార్చి వేసినప్పుడే తెలిసిందమ్మా. బోల్టు ఖాళీగా ఉంది."

"మరి మీ తప్పని ఎందుకన్నారు?"

"విప్పింది నేను. విప్పినవాడే బిగించారో లేదో చూసుకోవాలి."

"అది కరెంటు పని. నాది. నాకిచ్చారు, నేను మర్చిపోయాను. ఎందుకు చెప్పలేదు?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "చెబితే ఏమవుద్ది చెల్లెమ్మా? నన్నయితే పొరబడ్డాడంటారు, నాలుగు రోజులకి మర్చిపోతారు. నిన్నయితే, ఆడమనిషికి కరెంటు పని అప్పజెప్పారు, ఇలాగే అవుద్ది అంటారు. అది మర్చిపోరు" అన్నారు.

నాకు కృతజ్ఞత కలగాలి. కోపం వచ్చింది.

"అంటే పదహారేళ్ళు పని చేశాక కూడా ఒక్క తప్పుకి నేను నిలబడలేనని మీరే అనుకున్నారన్నమాట! మరి ఆ కారు? పట్టీ లేకుండానే పంపేశారే, మళ్ళీ ఎక్కడో అంటుకుంటే?"

ఆయన తలొంచుకున్నారు. "నాకు నిద్ర పట్టలేదమ్మా. మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. డ్రైవరు కనబడితే బ్యాటరీ విప్పేసి ఉంచమని చెప్పాను. నిజం చెబుతున్నాను, అది నేను చేసిన తప్పే."

మూడు రోజులు మాకు మాటల్లేవు. నాలుగో రోజు పట్టీకి కొత్త చివర్లు వేసి, రెండు స్పానర్లతో పాటు సంచీలో పెట్టుకుని భీమవరం బస్సెక్కాను. ఆయనకి చెప్పలేదు.

బాబుగారి ఇంటికి చెరువు గట్టు మీద నడిచి వెళ్ళాలి. రెండు వైపులా చేపలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. నా జీవితంలో అంత పొడుగు దారి ఇంకోటి నడవలేదు. బాబుగారు వరండాలో ఉన్నారు, పెద్దావిడ పక్కనే కుర్చీలో. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. పట్టీ చూపించాను. "మా అన్నయ్యగారి తప్పేం లేదండి. తప్పు నాది. ఆయన నన్ను వెనకేసుకొచ్చారు, అది కూడా నన్నడక్కుండా" అన్నాను.

బాబుగారు వంగి పట్టీ కేసి చూశారు. "తర్వాత ఇద్దరికి చూపించానండి. వైర్లు మార్చారు, స్విచ్చులు మార్చారు. అస్సలు తిరగట్లేదు. టార్పాలిన్ కప్పేశాను" అన్నారు. కోపంగా ఉన్నారో లేదో ఆ గొంతులో తెలియలేదు.

పెద్దావిడ నా వైపు చూశారు. విరిగిన చెయ్యి అతుక్కుంది గానీ కాస్త వంకర ఉండిపోయింది. "నీ చేతిలో ఉన్నది బిగిస్తే తిరుగుద్దా?" అని అడిగారు.

"తిరుగుతుందండి."

"అయితే బిగించు. ముందు నన్ను మొగల్తూరు తీసుకెళ్ళండి. తప్పు ఎవరిదో తర్వాత తీరిగ్గా తేల్చుకోండి."

టార్పాలిన్ తీశారు. ఎలకలు చేరాయేమో చూసుకుని, కారు కిందికి దూరి, రెండు చివర్లూ గీకి మెరిసేదాకా శుభ్రం చేసి పట్టీ బిగించాను. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి పెట్టారు. కొత్త చోక్ కేబుల్ వాళ్ళ దగ్గరే ఉంటే అదీ వేశాను. సెల్ఫ్ కొడితే, నేను చుట్టిన ఆర్మేచర్ మొదటిసారి తన బలమంతా చూపించింది. ఒక్క తిప్పుకే అందుకుంది. చోక్ కేబుల్ మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది.

నన్ను కూడా ఎక్కమన్నారు. వెనక సీట్లో కూర్చుని మొగల్తూరు వెళ్ళాను. పెద్దావిడ పుట్టింటి స్థలంలో ఎవరిదో రైసు గోడౌను ఉంది. ఆవిడ కిందికి దిగలేదు. అద్దం దించమని, కాసేపు గాలి పీల్చి, "ఉప్పు వాసన అలాగే ఉంది. పదండి" అన్నారు.

మర్నాడు పొద్దున్న నేను షెడ్డులో ఉన్నాను. ఇంకా మా మధ్య మాటల్లేవు. అన్నయ్యగారు మినీ ట్రక్కు కింద పడుకుని పని చేస్తున్నారు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. రోడ్డు మీద ఇంజను చప్పుడు వినబడింది. ఆ కాళ్ళు కదలడం ఆగిపోయాయి. కారు షెడ్డు ముందుకొచ్చి ఆగేలోపల ఆయన బయటికొచ్చి నిలబడ్డారు.

బాబుగారు దిగి, "మేస్త్రీ గారూ, ఆ రోజు నేనన్న మాటలు..." అని ఏదో చెప్పబోతున్నారు. అన్నయ్యగారు వినడం లేదు. స్క్రూడ్రైవరు తెచ్చుకుని, నడుస్తున్న ఇంజను మీద ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

"మూడో సిలిండరు టాపెట్ కొడుతోందండి" అన్నారు.

"ఎర్త్ నాది. టాపెట్ మీది" అన్నాను నేను. నాలుగు రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట.

ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూసి, నెమ్మదిగా, "నువ్వు నిలబడలేవని నేననుకోలేదు చెల్లెమ్మా. నిలబడాల్సిన అవసరం రాకూడదనుకున్నాను" అన్నారు. ఆ రెండిటికీ తేడా ఉందని ఆయన నమ్మారు. నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోనని చెప్పడానికి ఆయన లేరు.

ఆ తర్వాత ఏ బండి షెడ్డు దాటినా ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. సెల్ఫ్ ఈడిస్తే మోటారు విప్పే ముందు ఇంజనుకీ బాడీకీ మధ్య లావుపాటి తీగ ఒకటి తగిలించి కొట్టి చూడండి. జోరందుకుంటే రోగం మోటారులో లేదు. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు ఒక పెద్దావిడ మణికట్టు కావలసి వచ్చింది.

పాత కార్లు తిరిగి వచ్చాయి. చాలా ఏళ్ళు బాగా గడిచాయి. తర్వాత అన్నయ్యగారికి షుగరు వల్ల చూపు తగ్గింది. విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే ఇంకొన్నాళ్ళు నడిపాను. షెడ్డు స్థలం అపార్టుమెంటుకి ఇచ్చేశాక షాపు మూసేశాను. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన రోజు విడిచి రోజు ఫోన్ చేసేవారు. "బల్ల మీద ఏముంది చెల్లెమ్మా?" అని అడిగేవారు. ఒకరోజు అబద్ధం చెప్పాను. "పాత కారొకటి వచ్చిందండి అన్నయ్యగారూ. వేడెక్కాక ఆగిపోతోంది. పావుగంట ఆగితే మళ్ళీ స్టార్టవుతోంది."

ఆయన గొంతు మారిపోయింది. "ఆగినప్పుడు ప్లగ్గు దగ్గర స్పార్క్ ఉందా?"

లేదంటే జబ్బు నా వైపుది అవుతుంది. "ఉందండి" అన్నాను.

"అయితే నాదే! పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోంది. పైపు సైలెన్సరుకి దగ్గరగా ఉందేమో చూడు. పంపు మీద తడిగుడ్డ చుట్టి కొట్టు." అరగంట మాట్లాడారు. ఏ పైపు ఎటు తిప్పాలో, ఏ క్లిప్పు ఎక్కడ పెట్టాలో అన్నీ చెప్పారు. నేను లేని కారుకి లేని పైపు మార్చాను.

రెండో రోజు ఫోన్ చేసి, "మీరు చెప్పిందేనండి, స్టార్టయింది" అన్నాను.

"ఏదీ, వినిపించు" అన్నారు.

ఏం చెయ్యాలో తోచలేదు. ఫోన్ పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తాను. మలుపు దగ్గర ఏదో బండి ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంది. ఫోన్ దాని పక్కన పెట్టాను. ఆయన చాలాసేపు విన్నారు. ఆ తర్వాత రెండు వారాలకే పోయారు కాబట్టి ఆయన అలా విన్న ఆఖరి ఇంజను అదే అయి ఉంటుంది.

"ఏంటి చెల్లెమ్మా," అన్నారు, "కారు డీజిల్ ఆటోలా వినబడుతోందేంటి?"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నడిరోడ్డు మీద, ఆటో పక్కన నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. ఆటో అతను నన్ను వింతగా చూస్తున్నాడు.

"బాగానే తిరుగుతోందిలే," అన్నారు అన్నయ్యగారు, నవ్వు ఆగాక. "ఆపకు. ఇంకాసేపు విననీ."